వెయ్యి కోట్లలో ఆరు

విశ్వంలో ద్రవ్యం ఉంది, ప్రతిద్రవ్యం దాదాపుగా లేదు. ఇంతవరకు తగవు లేదు. దీనికి కారణం వెతకాలా, అక్కర్లేదా అన్న దగ్గరే తగవు. "మొదటినుంచీ అలాగే ఉంది, అంతకు మించి అడగడానికేముంది" అనే మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. భౌతికశాస్త్రం లోతుగా చదివినవాళ్లలోనూ ఆ మాట అన్నవాళ్లున్నారు. అందుకని ఆ పక్షాన్ని సాక్ష్యం బరువు తూచడమే వృత్తిగా ఉన్న ఒక లాయరుగారికి అప్పగించాను. ఎదుటి పక్షం కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఒక మాస్టారిది. నేను మాస్టారి వైపే. అయినా లాయరుగారి ప్రశ్నల్లో కొన్నింటికి ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అలాంటి చోట మాస్టారిని తప్పించుకోనివ్వలేదు.

లాయరు: మాస్టారూ, లోకంలో ప్రతి అంకెకీ కారణం ఉండి తీరాలనేం లేదు. ప్రతిద్రవ్యం లేదంటున్నారు. సరే, లేదు. రెండూ సమానంగా ఉండాలని ఎవరు చెప్పారు? అలాంటి నియమం ఒకటి ఉండి, అది తప్పినప్పుడు కదా కారణం అడగాల్సింది. ముందు ఆ నియమం చూపించండి.

మాస్టారు: చూపిస్తాను లాయరుగారూ. 1928లో డిరాక్ ఎలక్ట్రాన్‌కు ఒక సమీకరణం రాశాడు. సాపేక్షతనూ క్వాంటం సిద్ధాంతాన్నీ ఒకచోట కూర్చిన సమీకరణం అది. అందులోంచి ఆయన అడగని జవాబు ఒకటి అదనంగా బయటపడింది: ఎలక్ట్రాన్ బరువే ఉండి, విద్యుదావేశం మాత్రం ధనంగా ఉండే కణం. అది ప్రోటానే అయి ఉండవచ్చని కొంతకాలం అనుకుని, 1931 నాటికి కొత్త కణమే కావాలని తేల్చాడు. మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ క్లౌడ్ చాంబర్‌లో విశ్వకిరణాల జాడలు ఫోటోలు తీస్తూ దాన్ని పట్టుకున్నాడు. అదే పాజిట్రాన్. 1955లో బర్క్‌లీలో ప్రతిప్రోటాన్ దొరికింది, ఆ పై ఏడాది ప్రతిన్యూట్రాన్. ఇవాళ హైదరాబాద్‌లో పెట్ స్కాన్ తీసే ప్రతిచోటా రోగి ఒంట్లోకి ఎక్కించిన ఫ్లోరిన్-18 పాజిట్రాన్లను విడుస్తుంది. ఒక్కో పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైపోతుంది, వాటి బదులు రెండు గామా కిరణాలు ఎదురుబొదురు దిక్కులకు పోతాయి. యంత్రం లెక్కపెట్టేది వాటినే. కాబట్టి ప్రతిద్రవ్యం నిత్యం వాడుకలో ఉన్న వస్తువు. ఇక మీరడిగిన నియమం. ప్రయోగశాలలో శక్తినుంచి ప్రోటాన్ లాంటి బరువైన కణం కొత్తగా పుట్టిన ప్రతిసారీ దానికి తోడుగా ఒక ప్రతికణం పుట్టింది. ఈ పద్దు తప్పిన సంఘటన ఇంతవరకు ఒక్కటి కూడా నమోదు కాలేదు. విశ్వం మొదట్లో విపరీతమైన వేడిమీద ఉంది. ఆ వేడిలో శక్తి నుంచి జతలు పుడుతున్నాయి, జతలు కలిసి మళ్లీ శక్తి అవుతున్నాయి. చల్లబడ్డాక పుట్టడం ఆగిపోతుంది, కలిసి నశించడం ఆగదు. రెండు వైపులా సరిసమానంగా ఉండి ఉంటే ఆ నాశనం తర్వాత మిగిలే ద్రవ్యం, ఇప్పుడున్నదానిలో కొన్ని పదుల కోట్లలో ఒక వంతు. దానితో నక్షత్రాలు కట్టడం కుదరదు.

లాయరు: సమానంగా లేదన్నమాట. ఎంత తేడా అన్నది మీకు తెలుసా, లేక లేదు కాబట్టి తేడా ఉండాలని వెనక్కి లెక్క కడుతున్నారా?

మాస్టారు: తేడా ఎంతో కొలిచారు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించేది ఆ కొలతే. ఆనాటి వేడి ఇప్పటికీ చల్లారిన కాంతిగా ఆకాశమంతా ఉంది. 1965లో పెంజియాస్, విల్సన్ బయటపెట్టింది దాన్నే. ఒక్కో ఘన సెంటీమీటరులో సుమారు 411 ఫోటాన్లు. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి చూస్తే, విశ్వమంతా సగటున నాలుగు ఘన మీటర్లకు ఒకటి. అంటే వెయ్యి కోట్ల ఫోటాన్లకు ఆరు. ఈ ఆరును రెండు వేరు వేరు దారుల్లో రాబట్టారు. మొదటి దారి విశ్వం వయసు కొన్ని నిమిషాలున్నప్పటిది. అప్పుడు తయారైన డ్యుటీరియం ఎంత మిగులుతుందన్నది ఈ నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. దూరపు వాయుమేఘాల్లో అది లక్ష హైడ్రోజన్ పరమాణువులకు సుమారు రెండున్నర ఉందని తేలింది. రెండో దారి విశ్వం వయసు 3,80,000 ఏళ్లప్పటిది. ఆ చల్లారిన కాంతిలోని సన్నని హెచ్చుతగ్గుల్ని ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది, వాటి తీరు కూడా ఇదే నిష్పత్తిని చెప్పింది. ఒక దారిలో అణుకేంద్రకాల లెక్క, ఇంకో దారిలో వేడి వాయువులో శబ్దతరంగాల లెక్క. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు, జవాబు ఒకటే. తొలినాటి భాషలో చెబితే వంద కోట్ల ప్రతికణాలకు దాదాపు వంద కోట్ల ఒక్క కణం ఉండేది. ఇరవై టన్నుల బియ్యం లారీలో గింజలు సుమారు వంద కోట్లు. రెండు లారీల మధ్య ఒక్క గింజ తేడా. మిగతాదంతా పోయి ఆ గింజ మిగిలింది.

లాయరు: తేడా అంతటా ఒకటేనని ఎందుకనుకోవాలి? మన వైపు ద్రవ్యం, ఇంకో వైపు ప్రతిద్రవ్యం ఉండవచ్చు కదా. మీ డిరాకే 1933లో నోబెల్ ఉపన్యాసంలో కొన్ని నక్షత్రాలు ప్రతిద్రవ్యంతో చేసినవై ఉండవచ్చని అన్నాడు. దూరంనుంచి చూసి తేడా పట్టలేమని కూడా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నిజమే. సెర్న్ ప్రయోగశాలలో ప్రతిహైడ్రోజన్ తయారుచేసి దాని కాంతి కొలిస్తే అచ్చం హైడ్రోజన్ కాంతిలాగే ఉందట. మరి ఆ కనబడే చుక్కల్లో సగం ప్రతిచుక్కలు కావని ఏం సాక్ష్యం?

మాస్టారు: కాంతి చూసి చెప్పలేమన్నది నిజం. సరిహద్దు చూసి చెప్పగలం. గెలాక్సీల మధ్య ఉన్నది ఒట్టి శూన్యం కాదు, పలచని వాయువుంది. గెలాక్సీ గుంపుల్లో ఆ వాయువు వేడెక్కి ఎక్స్ కిరణాలు వెలువరిస్తుంది, దాన్ని చూస్తున్నాం కూడా. ద్రవ్యపు ప్రాంతం, ప్రతిద్రవ్యపు ప్రాంతం ఎక్కడ ఆనుకున్నా అక్కడ ప్రోటాన్లూ ప్రతిప్రోటాన్లూ కలిసి నశిస్తాయి, ఆ నాశనానికి తనదైన గామా కాంతి ఉంది. ఒకే గుంపులో రెండు రకాల గెలాక్సీలుంటే ఆ గుంపంతా గామా కిరణాల్లో మెరిసిపోవాలి. అలా మెరిసే గుంపు ఒక్కటీ కనబడలేదు. మరి గుంపులకన్నా పెద్ద ప్రాంతాలైతే? 1998లో కోహెన్, డె రుహులా, గ్లాషో ఆ లెక్క కూడా వేశారు. ప్రాంతాలు ఎంత పెద్దవైనా తొలిరోజుల్లో వాటి అంచులు ఆనుకునే ఉండేవి, ఆ నాశనపు కాంతి ఇప్పటికి సాగి ఆకాశమంతా పరుచుకుని ఉండాలి. మనం కొలిచిన గామా నేపథ్యంలో దానికి చోటు లేదు. కనబడే విశ్వమంత పెద్ద ప్రాంతమైతే తప్ప వీల్లేదని వాళ్లు తేల్చారు. ఇక రాళ్లూ గ్రహాలూ అంటారా, చంద్రుడి మీదా శుక్రుడి మీదా కుజుడి మీదా మన యంత్రాలు దిగాయి. దిగినచోట నిలిచాయి.

లాయరు: విశ్వకిరణాల్లో ప్రతిప్రోటాన్లు దొరుకుతున్నాయి. పాలపుంత నడిమి భాగం నుంచి పాజిట్రాన్లు నశించే గామా కాంతి కూడా వస్తోంది. అవి సాక్ష్యం కావా?

మాస్టారు: ప్రతిద్రవ్యం పుడుతోందనడానికి సాక్ష్యం. తొలినాటి నుంచి మిగిలిందనడానికి కాదు. విశ్వకిరణాల్లో పదివేల ప్రోటాన్లకు ఒక ప్రతిప్రోటాన్ చొప్పున ఉంది. వేగంగా పోయే ప్రోటాన్లు నక్షత్రాల మధ్య వాయువును ఢీకొన్నప్పుడు పుట్టేవి దాదాపుగా అంతే. పాలపుంత నడుమ నశించే పాజిట్రాన్లకు రేడియోధార్మిక పరమాణువుల వంటి మామూలు పుట్టుకలున్నాయి, ఏది ఎంత అన్నదాని మీదే వాదన. అసలు పరీక్ష బరువైన కేంద్రకాల దగ్గర ఉంది. ఢీకొట్టుడులో ప్రతిహీలియం పుట్టడం బహు అరుదు, ప్రతికార్బన్ పుట్టడం అసాధ్యం కిందే లెక్క. ప్రతికార్బన్ కావాలంటే ప్రతినక్షత్రం కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2011లో బిగించిన ఏఎంఎస్ పరికరం ఇప్పటికి ఇరవై వేల కోట్లకు పైగా కణాలను నమోదు చేసింది. ప్రతిహీలియం కావచ్చనిపించే కొన్ని సంకేతాల గురించి ఆ బృందం సభల్లో చెప్పింది గాని ఫలితంగా ప్రకటించలేదు. ప్రతికార్బన్ ఒక్కటీ లేదు.

లాయరు: సరే, ఇక్కడ లేదు, అక్కడా లేదు. గురుత్వం వాటిని ఎక్కడికో తోసేసిందేమో అని కూడా అనలేం, 2023లో ప్రతిహైడ్రోజన్ కిందికే పడుతుందని చూపించారు కాబట్టి ఆ దారి నేనే మూసేస్తాను. ఇప్పుడు నా అసలు వాదన వినండి. కెప్లర్ 1596లో గ్రహాలు ఆరే ఎందుకున్నాయని అడిగాడు. అయిదు సమఘనాకృతుల్ని ఒకదానిలో ఒకటి అమర్చి, మధ్య ఖాళీల్లో ఆరు గ్రహాలూ సరిపోతాయని పుస్తకమే రాశాడు. ఎంత తెలివీ, ఎంత శ్రమా! అడిగిందే తప్పుడు ప్రశ్న. గ్రహాల సంఖ్యకు ప్రకృతి నియమం ఏదీ లేదు, ఆ ధూళి ఆనాడు అలా ముద్దకట్టింది, అంతే. మీ వెయ్యి కోట్లలో ఆరు కూడా అలాంటిదే ఎందుకు కాకూడదు? విశ్వం ఆ నిష్పత్తితో మొదలైంది. సమీకరణాలు మొదలైనదాన్ని ముందుకు నడుపుతాయి, దేనితో మొదలవ్వాలో చెప్పవు. సున్నాతో మొదలైతే సహజం, ఆరుతో మొదలైతే అసహజం అనడం మీ అభిరుచి. అభిరుచిని సాక్ష్యంగా తీసుకోను. పైగా ఆ ఆరు లేకపోతే మనమిక్కడ కూర్చుని ఈ ప్రశ్న వేసుకోం.

మాస్టారు: మీ వాదనలో చివరి మాట ముందు తీసుకుంటాను, అది చిన్నది. మనం ఉండటానికి ద్రవ్యం కావాలన్నది నిజం. మనకు ఒక్క గెలాక్సీ చాలు. కనుచూపు మేరలో ఉన్న గెలాక్సీలన్నిటికీ అదే నిష్పత్తి ఎందుకుందో మన ఉనికి చెప్పదు. కెప్లర్ ఉదాహరణ మాత్రం గట్టిది. గ్రహాల సంఖ్య యాదృచ్ఛికమని ఎలా తెలిసిందో చూడండి. వేరే నక్షత్రాల చుట్టూ వేరే సంఖ్యలు కనబడ్డాయి, గ్రహాలు ఎలా ముద్దకడతాయో ప్రక్రియ అర్థమైంది, ఆ ప్రక్రియలోనే యాదృచ్ఛికతకు చోటుంది. అంటే ఆ అంకె వెనక ఒక చరిత్ర ఉందని తేలింది. నేనడిగేదీ అదే, ఈ ఆరు వెనక చరిత్ర ఏమిటని. యాదృచ్ఛికం అన్న జవాబును నేను ముందే తోసిపుచ్చడం లేదు, లెక్కకు పెడుతున్నాను. పాలపుంతలో కంటికి కనబడే ద్రవ్యంలో ప్రోటాన్లు ఒకటి పక్కన సుమారు 68 సున్నాలు. అవి మిగలడానికి నశించిన జతలు ఒకటి పక్కన 77 సున్నాలనుకోండి. కణాలు ఏ నియమమూ లేకుండా చెల్లాచెదురుగా పడితే అటో ఇటో మొగ్గే తేడా ఆ సంఖ్యకు వర్గమూలమంత, ఒకటి పక్కన 38 సున్నాల చిల్లర. ఆ తేడా బరువు కొన్ని పదుల కోట్ల టన్నులు. అంటే అదృష్టవశాత్తూ మిగిలే ద్రవ్యం ఒక మోస్తరు కొండ. పాలపుంత మొత్తానికి ఒక కొండ! వట్టి యాదృచ్ఛికం ఇంతే ఇవ్వగలదు.

లాయరు: నేను చెల్లాచెదురుగా పడిందనలేదు. అంతటా ఒకే నిష్పత్తితో మొదలైందన్నాను. మీరు కొట్టింది వేరే వాదనను.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను, మీ వాదన దానికన్నా బలమైనది. దానికి నా జవాబు ఇది. విశ్వం పుట్టిన తొలి క్షణంలోని అతి చిన్న భాగంలో విపరీతంగా వ్యాకోచించిందని, ఇన్‌ఫ్లేషన్ అని, ఒక సిద్ధాంతం ఉంది. ఆ వ్యాకోచంలో ఘనపరిమాణం ఒకటి పక్కన 70కి పైగా సున్నాలన్ని రెట్లు పెరగాలి. దానికి ముందు ఏ హెచ్చుతగ్గు ఉన్నా అంత మేరా పలచబడి లేనట్టే అయిపోతుంది. ఆ తర్వాత వేడి కొత్తగా పుడుతుంది, ఆ వేడినుంచి జతలు పుడతాయి, లెక్క మళ్లీ సున్నాతో మొదలవుతుంది. అంత పలచబడ్డా మన ఆరు మిగిలేంత ఎక్కువతో మొదలుపెట్టుకోవచ్చు కదా అంటారేమో. వెనక్కి లెక్క వేస్తే ఆ అదనపు కణాల శక్తి ఎంత పెరిగిపోతుందంటే, వ్యాకోచాన్ని నడిపించే శక్తి దాని ముందు ఆనదు. అసలు ఆ వ్యాకోచమే జరగదు. కాబట్టి ఇన్‌ఫ్లేషన్ నిజమైతే మీ తొలి నిష్పత్తికి చోటు లేదు. ఆరు తర్వాతే తయారుకావాలి.

లాయరు: నిజమైతే అన్నారు చూశారా, నేను పట్టుకునేది ఆ మాటనే. ఇన్‌ఫ్లేషన్‌ను ఎవరూ చూడలేదు. అది లేపి ఉండాల్సిన గురుత్వ తరంగాల జాడ ఇంకా దొరకలేదు. తేలని ఒక సంగతిని తేలని ఇంకో సంగతి మీద నిలబెడుతున్నారు.

మాస్టారు: జాడ దొరకలేదన్నది నిజమే. సాక్ష్యం మాత్రం ఉంది. ఎన్నడూ ఒకదానినొకటి తాకే వీల్లేని ఆకాశపు కొసలు రెండూ లక్షలో ఒక వంతు తేడాతో ఒకే వేడిమీద ఉన్నాయి. ఆ వేడిలోని సన్నని హెచ్చుతగ్గులు అన్ని పరిమాణాల్లోనూ దాదాపు సమానంగా, కొద్దిగా మాత్రం వాలుగా ఉండాలని ఇన్‌ఫ్లేషన్ ముందే చెప్పింది. ఆ వాలు సూచి ఒకటికి కాస్త తక్కువ ఉండాలన్నారు, ప్లాంక్ కొలిస్తే 0.965 వచ్చింది. ఇది రుజువు కాదు. కాని మీ తొలి నిష్పత్తికి ఇంతమాత్రం సాక్ష్యం కూడా లేదు. ఇన్‌ఫ్లేషన్‌ను పక్కన పెట్టినా మీకు ఇంకో చిక్కుంది. మన ప్రామాణిక కణసిద్ధాంతమే, ఏ కొత్త ఊహా కలపకుండానే, పది కోట్ల కోట్ల డిగ్రీల పైన ప్రోటాన్ల పద్దు నిలకడగా ఉండదంటుంది. బరువైన కణాల పద్దూ, ఎలక్ట్రాన్ న్యూట్రినోల లాంటి తేలిక కణాల పద్దూ అక్కడ ఒకదానిలోకి ఒకటి మారిపోతాయి. 1985లో రష్యన్ శాస్త్రవేత్తలు కుజ్‌మిన్, రుబకోవ్, షపోష్నికోవ్ ఈ సంగతి ఎత్తిచూపారు. అంత వేడి ప్రయోగశాలలో లేదు కాబట్టి దీన్ని ఎవరూ చూడలేదు, చూసినట్టు చెప్పను. అయితే లెక్క ప్రకారం మీరు మొదట పెట్టిన ప్రోటాన్ల ఎక్కువ అలాగే భద్రంగా రాదు. రెండు పద్దుల మధ్య తేడా మాత్రమే నిలుస్తుంది. అంటే మీరు ఒక నిష్పత్తి పెట్టి ఊరుకోలేరు, ఏ పద్దులో ఎంత పెట్టాలో కూడా చూసుకుని పెట్టాలి.

లాయరు: పెడతాను, నాకేం ఇబ్బంది? రెండు పద్దుల మధ్య తేడాతోనే విశ్వం మొదలైందంటాను. నా మాట నిలుస్తుంది.

మాస్టారు: తర్కానికి నిలుస్తుంది. దాన్ని నేను పడగొట్టలేను. నేను చెప్పేది వేరు. తేడాను పుట్టించగల సరంజామా ప్రకృతిలో ముందే ఉందని ప్రయోగాలు చూపించాక, దాన్ని వాడకుండా మొదట్లోనే ఉంచేశారనడం ఎంతవరకు నమ్మదగ్గదని. 1957 దాకా ద్రవ్యం, ప్రతిద్రవ్యం అచ్చుగుద్దినట్టు ఒకేలా ప్రవర్తిస్తాయని అందరి నమ్మకం. ఆ ఏడాది భౌతికశాస్త్రవేత్త వూ చేసిన కోబాల్ట్ ప్రయోగంతో కుడి ఎడమల సమానత పోయింది. కుడి ఎడమల్ని మార్చి, కణాన్ని ప్రతికణంగా కూడా మార్చితే సమానత నిలుస్తుందని సర్దుకున్నారు. 1964లో క్రోనిన్, ఫిచ్ బ్రూక్‌హేవెన్‌లో తటస్థ కేయాన్లనే కణాలను పరిశీలించి, వెయ్యికి సుమారు రెండు చొప్పున అదీ తప్పుతోందని చూపించారు. ఇందులో ఒక ముచ్చట ఉంది. దీర్ఘాయువు కేయాన్ విడిపోయేటప్పుడు ఎలక్ట్రాన్ ఇవ్వడం కన్నా పాజిట్రాన్ ఇవ్వడం కాస్త ఎక్కువ, మొత్తంలో వెయ్యికి మూడు వంతుల మొగ్గు. ఎంతో దూరంలో ఎవరైనా ఉంటే వాళ్లకు మనం దీన్ని సందేశంగా పంపవచ్చు: ఆ కణం దేన్ని ఎక్కువగా ఇస్తుందో అది మాకు ప్రతిద్రవ్యం. చేతులు కలపకుండానే వాళ్లు దేనితో తయారయ్యారో తెలిసిపోతుంది. ద్రవ్యం, ప్రతిద్రవ్యం అన్నవి మనం తోచినట్టు పెట్టుకున్న పేర్లు కావు, ప్రకృతి నియమమే వాటిని వేరుచేసి చూస్తోంది. 2001లో జపాన్‌లో బెల్, అమెరికాలో బాబర్ ప్రయోగాలు బీ మీసాన్లనే కణాల్లో ఇదే చూశాయి. వాటిలో తేడా వెయ్యికి ఇన్నని చెప్పేంత చిన్నది కాదు, చాలా పెద్దది. ఆ బెల్ ప్రయోగపు ఇప్పటి రూపంలో ఐఐటీ హైదరాబాద్ కూడా పాల్గొంటోంది. 2025లో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రోటాన్ జాతి కణాల్లోనే, అంటే మన ఒళ్లు తయారైన కుటుంబంలోనే, సుమారు రెండున్నర శాతం తేడా పట్టింది. 1967లో భౌతికశాస్త్రవేత్త సఖరోవ్, సున్నాతో మొదలైన విశ్వంలో తేడా పుట్టాలంటే మూడు కావాలన్నాడు. ప్రోటాన్ల పద్దు తప్పే వీలుండాలి, ద్రవ్య ప్రతిద్రవ్యాల మధ్య నియమాల్లోనే తేడా ఉండాలి, విశ్వం సమతాస్థితి తప్పిన ఘడియ ఒకటి ఉండాలి. రెండోదాన్ని కళ్లతో చూశాం. మొదటిదాన్ని మన సిద్ధాంతం ఇస్తోంది. మూడోది వ్యాకోచించే విశ్వంలో అరుదైన సంగతి కాదు.

లాయరు: మాస్టారూ, ఇక్కడ మీరొక సంగతి చెప్పకుండా దాటేశారు. ప్రయోగశాలలో చూసిన ఆ తేడాతో లెక్క కడితే మీ ఆరు వస్తుందా? నేను చదివినంతలో రాదు. కోట్ల రెట్లు తక్కువ వస్తుంది. సరంజామా ఉందన్నారు, అది పనికొచ్చే సరంజామా కాదు. ఇంకా చెబితే అది మీకు వ్యతిరేక సాక్ష్యం.

మాస్టారు: దాటేయను. కొబయాషి, మస్కవా 1973లో చెప్పిన మార్గంలో క్వార్కుల తేడాను లెక్కకడితే వచ్చేది కావలసినదానిలో కోట్లలో ఒక వంతు. సమతాస్థితి తప్పే ఘడియ కూడా ప్రామాణిక సిద్ధాంతంలో సరిగ్గా రాదు. 2012లో దొరికిన హిగ్స్ కణం బరువు ప్రోటాన్‌కు 130 రెట్లకు పైగా ఉంది. అంత బరువుంటే తొలి విశ్వంలో కణాలకు బరువు తెచ్చిన మార్పు నీళ్లు మరిగినట్టు బుడగలు బుడగలుగా జరగదు, ఎక్కడా తెగకుండా మెల్లగా జారిపోతుంది. మెల్లగా జరిగితే పుట్టిన తేడా అంతలోనే చెరిగిపోతుంది. ఇవి రెండూ ఓటములే. వీటినుంచి నేను తేల్చుకున్నది, తెలిసిన కణాలు చాలవు, తెలియనివి ఉండాలి అని. మీరు తేల్చుకున్నది, పుట్టుకే లేదు అని. రెండింటికీ ఇక్కడ తర్కం ఒప్పుతుంది. ఏది ఎంచుకోవాలో చూడటానికి, ఏ దారిలో పోతే కొత్తగా ఏదైనా కొలిచే వీలుందో చూడాలి. మీ దారిలో కొలవడానికేం లేదు, అక్కడితో విచారణ ముగుస్తుంది.

లాయరు: విచారణ సాగడం కోసం లేనిది ఉందనకూడదు. మీ దారి మాత్రం ఏం కొలుస్తోంది? ఇప్పుడందరూ న్యూట్రినోల వైపు తిరిగారు. మనకు తెలిసిన న్యూట్రినోలకు బాగా బరువైన తోబుట్టువులున్నాయని, అవి తొలిరోజుల్లో విడిపోతూ తేలిక కణాల పద్దులో తేడా పుట్టించాయని, అది తర్వాత ప్రోటాన్ల తేడాగా మారిందని కథ. ఆ బరువు కణాలు ఏ యంత్రానికీ అందవు. సెర్న్‌కు వంద కోట్ల రెట్లు పెద్దది కట్టినా అందకపోవచ్చు. ఇది నా తొలి నిష్పత్తికన్నా ఏ విధంగా మెరుగు?

మాస్టారు: ఫుకుగితా, యనగిదా 1986లో చెప్పిన ఊహ అది. నేరుగా పరీక్షించలేమన్న మీ మాట చాలావరకు నిజం, దీనికి ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు. అడ్డదారిన మాత్రం పరీక్షించవచ్చు. ఆ ఊహకు రెండు మాటలు ముఖ్యం. న్యూట్రినోకూ ప్రతిన్యూట్రినోకూ ప్రవర్తనలో తేడా ఉండాలి. న్యూట్రినో తనకు తానే ప్రతికణమై ఉండాలి. మొదటిదాన్ని కొలవడానికి జపాన్‌లో టీ2కే 295 కిలోమీటర్లు, అమెరికాలో నోవా 810 కిలోమీటర్లు న్యూట్రినోల్ని పంపుతున్నాయి. నోవాలో మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులున్నారు. రెండు ప్రయోగాలూ తమ లెక్కలు కలిపి 2025లో ప్రచురించాయి. తేడా ఉందా లేదా అన్నది ఇంకా తేలలేదు. దాన్ని తేల్చడానికే జపాన్‌లో హైపర్ కమియోకాండె, అమెరికాలో 1300 కిలోమీటర్ల డ్యూన్ కడుతున్నారు. రెండోదానికి, ఒక కేంద్రకం న్యూట్రినోలేవీ విడవకుండా రెండు ఎలక్ట్రాన్లు మాత్రమే విడవాలి. అది జరిగితే ద్రవ్యం జతలేకుండా పుట్టినట్టే. మీరు మొదట అడిగిన నియమం అప్పుడు, తేలిక కణాల పద్దులో, మన కళ్లముందే తప్పినట్టు. ఇప్పటిదాకా కనబడలేదు, కాబట్టి దాని అర్ధాయువు ఒకటి పక్కన 26 సున్నాల సంవత్సరాల కన్నా ఎక్కువని తెలుసు.

లాయరు: కనబడకపోతే ఇంకా పెద్దది కడతామంటారు. అదీ కనబడకపోతే ఇంకా పెద్దది. ఓడిపోయే ఘట్టం ఎక్కడ?

మాస్టారు: ఈ రంగం ఓడిపోయి చూపించింది. 1970లలో గురుత్వం తప్ప మిగతా బలాలన్నిటినీ ఒకటి చేసే సిద్ధాంతాలు వచ్చాయి. వాటిలో ప్రోటాన్ల తేడా సులువుగా పుడుతుంది, అదే జవాబని చాలామంది నమ్మారు. వాటిలో అన్నిటికన్నా సరళమైనది ప్రోటాన్ కూడా ఎప్పటికో విడిపోతుందని, ఎంత కాలానికో కూడా అంకెతో చెప్పింది. మన పొరుగున కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, భారత జపాన్ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో 140 టన్నుల పరికరం పెట్టి దానికోసం కాపుకాశారు. కొన్ని సంఘటనలు అలాంటివే కావచ్చన్నారు. అమెరికాలో, జపాన్‌లో వేల టన్నుల నీళ్ల తొట్లతో చూసినవాళ్లకు అవి కనబడలేదు. ఇవాళ ఆ రకపు విడిపోవడానికి ప్రోటాన్ ఆయువు ఒకటి పక్కన 34 సున్నాల ఏళ్లకు పైనే అని జపాన్‌లోని సూపర్ కమియోకాండె పరికరం చెబుతోంది. ఆ సరళ సిద్ధాంతం పోయింది. అది ఎంత అందంగా ఉన్నా ఎవరూ పట్టుకుని వేళ్లాడలేదు. నా పక్షానికీ అలాంటి ఘట్టాలున్నాయి. రేపు ఏఎంఎస్‌కు ఒక్క ప్రతికార్బన్ దొరికితే, ప్రతిద్రవ్యం లేదన్న నా మొదటి మాటే వెనక్కి తీసుకోవాలి. ప్రోటాన్, ప్రతిప్రోటాన్‌ల ఆవేశానికీ బరువుకీ ఉన్న నిష్పత్తిని లక్ష కోట్లలో 16 వంతుల వరకూ పోల్చి చూశారు, తేడా లేదు. అక్కడ నిజమైన తేడా ఒకటి కనబడితే సఖరోవ్ మూడు షరతులూ నేను చెప్పిన రూపంలో అవసరం ఉండకపోవచ్చు, లెక్కంతా మళ్లీ కట్టాలి.

లాయరు: న్యూట్రినో సంగతి చెప్పలేదు. కొత్త పరికరాలు ఒకటి పక్కన 28 సున్నాల ఏళ్ల వరకూ చూసి, రెండు ఎలక్ట్రాన్ల ఆ సంఘటన ఒక్కటీ కనబడకపోతే?

మాస్టారు: న్యూట్రినో బరువుల వరుస ఎలా ఉందన్నదాని మీద ఉంటుంది. మూడింటిలో రెండు బరువుగా, ఒకటి తేలికగా ఉండే వరుస అయితే ఆ హద్దులోపల కనబడి తీరాలి. కనబడకపోతే న్యూట్రినో తనకు తాను ప్రతికణం కాదనే చెప్పుకోవాలి, ఫుకుగితా యనగిదాల దారి ఆ రూపంలో మూసుకుపోతుంది. రెండు తేలికగా, ఒకటి బరువుగా ఉండే వరుస అయితే కనబడకపోయినా ఏమీ తేలదు. అప్పుడు మీరు ఈ మాటే మళ్లీ అడుగుతారు, నా దగ్గర ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

లాయరు: అయితే నేను ఒప్పుకునేది ఒప్పుకుంటాను. ఆరుకు పుట్టుక వెతకడం తప్పుడు ప్రశ్న అన్న మాట వదులుకుంటున్నాను. కెప్లర్‌ను మీరు నా చేతిలోంచి లాక్కున్నారు, ప్రకృతి నియమాల్లో ఉన్న మొగ్గుకు నా దగ్గర జవాబు లేదు. న్యూట్రినోల కథను మాత్రం ఒప్పుకోను. రెండు ఎలక్ట్రాన్ల ఆ సంఘటన ఒక్కటైనా నమోదయ్యేదాకా నాకది ఊహే.

మాస్టారు: ఒక్కటి చాలదు లాయరుగారూ. వేరు వేరు మూలకాల్లో కనీసం రెండు చోట్ల కనబడితే గాని నేనే ఒప్పుకోను.